కారు అద్దంలోని బటన్‌తో ఇంటి గేటు తెరవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బెంగళూరులో 30×40 సైట్‌లో కట్టిన ఇల్లు. కింద కారు, పైన మేము. గేటుకి మోటర్ పెట్టించాక కూడా వాన పడితే మాలో ఒకరు గొడుగు పట్టుకుని దిగాల్సి వచ్చేది. రిమోట్ ఎప్పుడు చూసినా సీటు సందులోనే ఇరుక్కుని ఉండేది మరి. అద్దం కింద మూడు బటన్లున్న సంగతి కారు కొన్న ఏడాదిన్నరకి గాని గమనించలేదు. వాటిని గేటుకి కలపడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ కబురు ఎలా పాకిందో గానీ, బావమరిది, మారతహళ్లి పిన్ని వాళ్లబ్బాయి, పక్కింటి చిత్తూరాయన వరసబెట్టి ఫోన్లు. అందరూ అడిగేవి అవే ప్రశ్నలు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఈ మూడు బటన్లు అసలు ఏం చేస్తాయి?

అదొక చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్. మీ గేటు రిమోట్ పంపే సిగ్నల్‌ని ఒకసారి విని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత బటన్ నొక్కినప్పుడల్లా రిమోట్ బదులు తనే పంపుతుంది. చాలా కార్లలో దీన్ని హోమ్‌లింక్ అంటారు. అమెరికాలో మిషిగన్‌కి చెందిన జెంటెక్స్ అనే అద్దాల కంపెనీ 2013లో జాన్సన్ కంట్రోల్స్ నుంచి దీన్ని కొనుక్కుంది. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. కారు కరెంటుతోనే నడుస్తుంది గనక బ్యాటరీ సెల్ మార్చే బాధా లేదు.

మా కారులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

లోపలి అద్దం కింది అంచు చూడండి. ఇంటి బొమ్మ గానీ, ఒకటి రెండు మూడు చుక్కలు గానీ ఉన్న బటన్లుంటే అవే. కొన్ని కార్లలో సన్ వైజర్ మీద, కొన్నింట్లో పైన రీడింగ్ లైట్ల పక్కన, ఇంకొన్నింట్లో టచ్ స్క్రీన్ మెనూలో ఉంటాయి. ఒకే మోడల్‌లో ఒక వేరియంట్‌కి ఉండి ఇంకోదానికి లేకపోవడం మామూలే. విదేశాల్లో తీసిన వీడియో చూసి మన కారులోనూ ఉందనుకోకండి, మీ కారుతో ఇచ్చిన పుస్తకమే చూడండి.

పైన ఎస్‌ఓఎస్ అని రాసున్న బటన్ మాత్రం ఇది కాదు. మా బావమరిది దాన్నే పట్టుకుని పది సెకన్లు నొక్కి, అవతల లైన్లోకి వచ్చిన అమ్మాయికి ‘యాక్సిడెంట్ ఏమీ కాలేదమ్మా, గేటు కోసం నొక్కాను’ అని సంజాయిషీ చెప్పుకున్నాడు.

బెంగళూరులో గరాజ్ డోర్లు ఎవరికున్నాయండీ? మాది స్లైడింగ్ గేటు.

రేడియోకి అదేం తెలుసు! అమెరికాలో పలకలు పలకలుగా పైకి లేచి సీలింగ్ కిందికి వెళ్లే తలుపును దృష్టిలో పెట్టుకుని దీన్ని తయారుచేశారు. మన దగ్గర పక్కకి జరిగే గేటు, రెండు రెక్కల గేటు, రోలింగ్ షట్టర్ ఎక్కువ. మోటర్ రిసీవర్‌కి సరైన ఫ్రీక్వెన్సీలో సరైన కోడ్ అందితే చాలు, కదిలేది ఏదైనా కదులుతుంది.

అయితే ముందు ఏం చూసుకోవాలి?

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. నేరుగా కారెక్కి బటన్లు నొక్కడం మొదలుపెడతారు. కారు సంగతి తర్వాత. ముందు మీ గేటు రిమోట్‌ని తిప్పి వెనకాల చూడండి, అవసరమైతే మూత కూడా తీయండి.

మొదట చూడాల్సింది ఫ్రీక్వెన్సీ. మన దగ్గర గేటు రిమోట్లలో ఎక్కువగా కనిపించేది 433.92 మెగాహెర్ట్జ్. మామూలు హోమ్‌లింక్ 288 నుంచి 433 దాకా వినగలదు కాబట్టి ఇది దాని పరిధి అంచున పడుతుంది, పనిచేస్తుంది. రిమోట్ మీద 868 అని ఉంటే మాత్రం అలాంటి అద్దం దాన్ని వినలేదు. మీరు రోజంతా నొక్కినా లాభం లేదు.

రెండోది కోడ్ రకం. పాత రిమోట్ల లోపల వరసగా 8 నుంచి 12 దాకా బుల్లి స్విచ్చులుంటాయి, డిప్ స్విచ్చులంటారు. రిమోట్‌లో పైకీ కిందికీ ఎలా పెట్టి ఉన్నాయో మోటర్ బోర్డులోనూ అలాగే ఉంటే గేటు తెరుచుకుంటుంది. ఎప్పుడు నొక్కినా అదే కోడ్ వెళుతుంది కాబట్టి ఇది ఫిక్స్‌డ్ కోడ్. స్విచ్చులు లేకపోయినా, చౌక రిమోట్లలో ఉండే ఈవీ 1527 లాంటి చిప్పులదీ ఫిక్స్‌డ్ కోడే.

ఇంకో రకం రోలింగ్ కోడ్. ఇందులో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. రిమోట్, మోటర్ రెండూ లోలోపల ఒకే లెక్క వేసుకుంటూ పోతాయి. ఒకసారి వాడిన కోడ్‌ని మోటర్ మళ్లీ ఒప్పుకోదు, బస్సులో చింపేసిన టికెట్ లాగా.

మీది ఏ రకమో తేలకపోతే ఒక చిట్కా. ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ షాపుల దగ్గర ఎదురెదురుగా పెట్టి కాపీ చేసే నాలుగు బటన్ల రిమోట్లు దొరుకుతాయి. వాటిలోకి మీది కాపీ అయి గేటు తెరుచుకుంటే ఫిక్స్‌డ్ కోడ్ అన్నమాట. నాది తీసుకెళ్తే షాపాయన రెండుసార్లు ప్రయత్నించి ‘సార్, ఇదు రోలింగ్ కోడ్, కాపీ ఆగల్ల’ అని చేతిలో పెట్టేశాడు. మొదటి ఆదివారమంతా నేనెందుకు ఓడిపోయానో అప్పుడు అర్థమైంది.

సరే, ఇప్పుడు కారుకి ఎలా నేర్పించాలి?

ముందుగా రిమోట్‌లో కొత్త సెల్ వేయండి. చిన్నవాటిలో నాణెం లాంటి సీఆర్ 2032, కాస్త లావువాటిలో 12 వోల్టుల 23ఏ లేదా 27ఏ ఉంటుంది. గేటు దారిలో పిల్లలు, బండ్లు లేకుండా చూసుకోండి, మధ్యలో గేటు కదలొచ్చు. కారు ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయక్కర్లేదు.

మొదటిసారి అయితే, లేదా సెకండ్ హ్యాండ్ కారు అయితే, అద్దం మీద ఆ చివరా ఈ చివరా ఉన్న బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టండి. 10 నుంచి 20 సెకన్లలో పక్కనున్న చిన్న లైటు గబగబా కొట్టుకుంటుంది. పాతవన్నీ చెరిగిపోయినట్టు. అప్పుడు వదిలేయండి.

ఇప్పుడు గేటు రిమోట్‌ని అద్దం బటన్ల నుంచి 3 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. ఆనించకండి. మీకు కావలసిన అద్దం బటన్, రిమోట్ బటన్ రెండూ ఒకేసారి నొక్కి పట్టండి. లైటు ముందు నిదానంగా కొట్టుకుంటుంది, సిగ్నల్ పట్టాక వేగం పెరుగుతుంది. కొత్త అద్దాల్లో నారింజ రంగు కాస్తా ఆకుపచ్చ అవుతుంది. అప్పుడు రెండూ వదలండి. ఒక్కోసారి నిమిషం దాకా పడుతుంది, చెయ్యి నొప్పెట్టినా ఓపిక పట్టండి.

తర్వాత ఆ అద్దం బటన్ ఒక్కదాన్నే నొక్కి లైటు చూడండి. నిలకడగా వెలిగిందా, ఫిక్స్‌డ్ కోడ్, పని అయిపోయింది, గేటు కదిలి ఉండాలి. గబగబా కొట్టుకుందా, రోలింగ్ కోడ్, సగం పనే అయింది.

లైటు గబగబా కొట్టుకుంటోంది, గేటు మాత్రం కదలడం లేదు. కారులో లోపమా?

కాదు. నాకొచ్చే ఫోన్లలో సగం పైన ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కారు రిమోట్ భాష నేర్చుకుంది, అంతే. మీ మోటర్‌కి కారు ఎవరో ఇంకా తెలియదు. రోలింగ్ కోడ్ మోటర్ తన దగ్గర ఒక పట్టీ పెట్టుకుంటుంది: ఫలానా ఫలానా రిమోట్లు నావి, ఒక్కొక్కటి లెక్కలో ఇక్కడిదాకా వచ్చింది అని. కారు ఆ పట్టీలోకి కొత్త రిమోట్‌గా ఎక్కాలి. ఆ పని కారులో కూర్చుని జరగదు, మోటర్ దగ్గరికి వెళ్లాలి.

మోటర్ బోర్డు మీద లెర్న్ అనో, ప్రోగ్ అనో, ఎస్‌డబ్ల్యూ 1 అనో రాసున్న చిన్న బటన్ ఉంటుంది. దాన్ని ఒక్కసారి నొక్కి వదిలేయండి. పక్కన లైటు వెలుగుతుంది. అప్పటినుంచి మీకు దొరికేది సాధారణంగా 30 సెకన్లే. కారు దగ్గరికొచ్చి, నేర్పిన బటన్‌ని 2 సెకన్లు నొక్కి వదలండి. ఒక్క క్షణం ఆగి మళ్లీ 2 సెకన్లు. అప్పటికీ కదలకపోతే మూడోసారి. ఒకరు మోటర్ దగ్గర, ఒకరు కారులో ఉంటే హాయి. నేను ఒక్కణ్నే పరిగెత్తి ర్యాంపు మీద చెప్పు జారి మోకాలు గీరుకున్నాను.

స్లైడింగ్ గేటు మోటర్ అయితే ప్లాస్టిక్ మూత స్క్రూలతో బిగించి ఉంటుంది. తీసేముందు మెయిన్ ఆపండి. మూత తీశాక, లోపల ఏముందో చూశాక, మళ్లీ కరెంటు ఇచ్చి ఆ బుల్లి బటన్ మాత్రమే ముట్టుకోండి, అదీ ఎండిన చెక్క పుల్లతో. అదే పెట్టెలో 230 వోల్టులు తిరుగుతుంటాయి. మా దాంట్లో బోర్డు పక్కన ఒక బల్లి కాపురం ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ వెచ్చదనానికి చేరినట్టుంది, చుట్టూ తెల్లటి గుడ్డు పెంకులు. చీమల మట్టి అయితే సరేసరి. బ్రష్‌తో ఊడ్చి, వైర్లు వచ్చే రంధ్రం దగ్గర సందు మూయించాను. ‘రిమోట్ అప్పుడప్పుడూ పనిచేయదు’ అనే ఫిర్యాదుల వెనక ఇలాంటి అద్దెదారులూ ఉంటారు.

ఒక జాగ్రత్త. లెర్న్ బటన్‌ని పట్టుకుని ఉండిపోకండి. చాలా మోటర్లలో కొన్ని సెకన్లు నొక్కి పడితే ఉన్న రిమోట్లన్నీ చెరిగిపోతాయి. మా గేటు పెట్టిన వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కుర్రాడు అదే చేశాడు. ఇంట్లో నాలుగు రిమోట్లూ మూగబోయాయి, పైగా విజిట్ ఛార్జీ అడిగాడు.

అసలు లైటు వేగమే మారడం లేదు. ఎంతసేపు పట్టుకున్నా నిదానంగానే కొట్టుకుంటోంది.

చాలా గేటు రిమోట్లు సెల్ ఆదా కోసం కొన్ని సెకన్ల తర్వాత పంపడం ఆపేస్తాయి, మీరు నొక్కే ఉంచినా సరే. అద్దం బటన్ వదలకుండా, రిమోట్ బటన్‌ని మాత్రం రెండేసి సెకన్లకి వదిలి మళ్లీ నొక్కుతూ ఉండండి. కెనడాలో రిమోట్లు అలా ఆగిపోతాయి కాబట్టి అక్కడి వాళ్ల కోసం రాసిన పద్ధతి ఇది, మనకీ పనికొస్తుంది. దూరం మార్చి చూడండి, రిమోట్‌ని అడ్డంగా తిప్పి చూడండి. దేనికీ లొంగకపోతే ఫ్రీక్వెన్సీ తేడా అయ్యుండాలి.

రెండో బటన్‌కి నేర్పాక మొదటిది పోయింది!

రెండోసారి కూడా ఆ చివరా ఈ చివరా ఉన్న బటన్లు పట్టుకుని మొదలుపెట్టి ఉంటారు. అది చెరిపే పని, ఒక్కసారి చేస్తే చాలు. నేనూ చేశాను.

మాది రోలింగ్ షట్టర్. రిమోట్‌లో పైకి, ఆపు, కిందికి అని వేర్వేరు బటన్లున్నాయి.

అద్దంలోనూ మూడే కదా, సరిగ్గా సరిపోతాయి. ఒక్కోదానికి ఒక్కోటి విడిగా నేర్పండి. ఇల్లు ఒకటే అయితే ఇంతకంటే మంచి వాడకం లేదు. స్లైడింగ్ గేటుకి మాత్రం మామూలుగా ఒకే బటన్: నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. అందుకని వీధి మలుపులోనే తొందరపడి రెండు మూడుసార్లు నొక్కితే, మీరు వచ్చేసరికి గేటు సగంలో నిలబడి ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ బూమ్ బ్యారియర్‌ని ఇది తెరుస్తుందా?

కారు అద్దాల మీద స్టిక్కర్ అంటించి తెరిచే బ్యారియర్ అయితే తెరవదు. అది ఆర్‌ఎఫ్‌ఐడీ. ఫాస్టాగ్‌లాగే ఆ స్టిక్కర్‌లో సెల్ ఉండదు, గేటు దగ్గరి రీడర్ పంపే తరంగాల శక్తితోనే జవాబిస్తుంది. హోమ్‌లింక్‌కి ఆ భాషే రాదు. సెక్యూరిటీ క్యాబిన్‌లో గార్డు చేతిలో ఉండే రిమోట్‌ని అద్దం నేర్చుకోవచ్చేమో గానీ, అసోసియేషన్ మీటింగ్‌లో ఆ సంగతి బయటపడితే మీ ఇష్టం.

అన్నయ్య అమెరికా నుంచి వచ్చేస్తూ అక్కడి గరాజ్ ఓపెనర్ తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా?

వద్దనండి. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది, మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు. పైగా అది సీలింగ్ తలుపు లాగే యంత్రం, మన జారే గేటుకి పనికిరాదు. అక్కడి లిఫ్ట్‌మాస్టర్ మోటర్లలో లెర్న్ బటన్ రంగుని బట్టి తరం చెప్పొచ్చు, ఊదా అయితే 315 మెగాహెర్ట్జ్, పసుపు అయితే 2011లో వచ్చిన సెక్యూరిటీ ప్లస్ 2.0 అనే రోలింగ్ కోడ్ రకం. అక్కడి వీడియోల్లో రంగుల గోల అంతా దీని గురించే. మీ మోటర్‌లో ఆ రంగులు వెతక్కండి.

మా రిమోట్‌ని కారు ఏం చేసినా నేర్చుకోవడం లేదు. ఇంక దారే లేదా?

ఉంది, నాకైతే ఇదే అన్నిటికన్నా తేలిక అనిపిస్తుంది. మోటర్ మార్చక్కర్లేదు, దానికి ఇంకో చెవి తగిలిస్తే చాలు. 433 మెగాహెర్ట్జ్ రిసీవర్ బోర్డు, దానితో రిమోట్ కలిపి అమ్ముతారు. మోటర్ బోర్డు మీద గోడ స్విచ్ కోసం రెండు టెర్మినళ్లుంటాయి, వాటిని ఒక్క క్షణం కలిపితే గేటు కదులుతుంది. రిసీవర్‌లో రిలే అని సిగ్నల్ రాగానే తనంతట తనే కలిసే చిన్న స్విచ్ ఉంటుంది, దాని కాంటాక్టులు ఆ రెంటికీ కలుపుతారు. చాలా మోటర్ బోర్డులు సెన్సర్ల కోసం ఇచ్చే 24 వోల్టులతోనే రిసీవర్ కూడా నడుస్తుంది, మీది ఎంత ఇస్తుందో చూసి దానికి తగ్గది కొనండి. తర్వాత కొత్త రిమోట్‌ని కారుకి నేర్పడమే.

ఎలక్ట్రీషియన్‌కి చెప్పాల్సినవి రెండు. రిలే మొమెంటరీ పద్ధతిలో ఉండాలి, అంటే నొక్కి వదిలితే తనూ వదిలేయాలి. లాచ్‌లో పెడితే స్విచ్ ఎవరో నొక్కి పట్టుకున్నట్టే ఉండి ఇంట్లో మిగతా రిమోట్లు కూడా పనిచేయకుండా పోతాయి. రెండోది, దొరికితే రోలింగ్ కోడ్ రిసీవర్ తీసుకోవాలి. అయితే కారు దాన్ని నేర్చుకుంటుందో లేదో షాపు ముందే అద్దం దగ్గర పెట్టి చూసుకుని డబ్బులివ్వండి.

దొంగలు కోడ్ కాపీ కొట్టరా?

ఫిక్స్‌డ్ కోడ్ అయితే కొట్టగలరు. 12 స్విచ్చులుంటే మొత్తం కోడ్లు 4096 మాత్రమే. 2015లో శామీ కామ్‌కార్ అనే అమెరికా భద్రతా పరిశోధకుడు మాటెల్ వాళ్ల పాత పిల్లల మెసేజ్ బొమ్మని మార్చి, అలాంటి గరాజ్ తలుపుల్ని 10 సెకన్లలోపే తెరిచి చూపించాడు. రోలింగ్ కోడ్‌కి ఆ ఎత్తు పారదు. దాన్ని బోల్తా కొట్టించే పద్ధతిని కూడా అదే ఏడాది ఆయనే చూపించాడు గానీ, దానికి మీరు నొక్కే సమయానికి సిగ్నల్‌ని అడ్డుకునే పరికరం అక్కడే ఉండాలి. మా వీధి దొంగలు కాంపౌండ్ గోడ దూకేవాళ్లు, వాళ్లకింత చదువు లేదు. డిప్ స్విచ్చులన్నీ ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఒకే వైపు ఉంటే మాత్రం ఇవాళే మార్చండి.

సర్వీసింగ్‌కి, వ్యాలే పార్కింగ్‌కి ఇచ్చేటప్పుడు?

కారులో మీ గేటు బటన్ ఉంది, డాష్‌బోర్డు అరలో ఆర్‌సీ మీద మీ అడ్రస్ ఉంది, మ్యాప్‌లో ‘ఇల్లు’ అని సేవ్ చేసి ఉంది. మూడూ కలిపి ఇంకొకరి చేతికి ఇస్తున్నారు. ఆర్‌సీ ఫోన్‌లో డిజిలాకర్‌లో పెట్టుకుని, కాగితాలు ఇంట్లో ఉంచడం నా పద్ధతి. కారు అమ్మేటప్పుడు ఆ చివరా ఈ చివరా ఉన్న బటన్లు రెండూ పట్టి అన్నీ చెరిపేయండి. చెరపకుండానే అమ్మేశామని తర్వాత గుర్తొస్తే మోటర్‌లో రిమోట్లన్నీ చెరిపి, ఇంట్లో ఉన్నవి మళ్లీ ఎక్కించుకోండి.

కరెంటు పోతే కోడ్లు చెరిగిపోతాయా?

చెరగవు. గేటు మాత్రం కదలదు, బ్యాటరీ బ్యాకప్ ఉంటే తప్ప. మోటర్‌కి తాళంచెవితో తిప్పి క్లచ్ వదిలించే ఏర్పాటు ఉంటుంది, తర్వాత చేత్తో తోసుకోవచ్చు. ఆ తాళంచెవి ఇంట్లో, మోటర్ గేటు లోపల, మీరు బయట అయితే ఎలాగో ముందే ఆలోచించుకోండి.

పిల్లలున్న ఇల్లు. ప్రమాదం లేదా?

ఉంది. గేటు కనిపించే చోటు నుంచే నొక్కండి. అమెరికాలో 1993 నుంచి ఇళ్ల గరాజ్ ఓపెనర్లకి అడ్డొస్తే వెనక్కి వెళ్లే ఏర్పాటు తప్పనిసరి. మన గేట్లకి ఫోటోసెల్, అంటే దారిలో ఎవరైనా అడ్డొస్తే పసిగట్టే సెన్సర్, అడిగితేనే పెడతారు, చాలామంది ఖర్చని వదిలేస్తారు. పెట్టించండి. మూసుకునే గేటుకి ఖాళీ అట్టపెట్టె అడ్డం పెట్టి చూడండి, నలిపేస్తే ఆ మోటర్‌ని అలాగే వాడకండి. షట్టర్ మూసి లోపల ఇంజన్ ఆన్‌లో ఉంచడం ఎప్పుడూ వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పాత రిమోట్ ఇంక పారేయొచ్చా?

వద్దు. కారు బ్యాటరీ మార్చినా కోడ్లు ఉంటాయి గానీ, అద్దమే పగిలి మార్చాల్సొస్తే మళ్లీ నేర్పడానికి గురువు కావాలి కదా. సెల్ తీసి, ఇంట్లో దాచండి.

ఇంట్లో పెద్దవాళ్లకి ఏ బటనో గుర్తుండటం లేదు.

మధ్య బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించాను. ఇది మా అమ్మ ఉపాయం. నాన్న ఇప్పుడు గేటు ముందుకి రాగానే బొట్టుబిళ్ల నొక్కుతారు. గేటు తెరుచుకుంటున్నా సరే, ఎప్పటిలాగే రెండుసార్లు హారన్ కూడా కొడతారు.